రాణెమ్మకు బొట్టు

మా అత్త దగ్గర పాతకాలం వెండి రూపాయి ఒకటి ఉన్నింది. తెల్లోళ్లు మనల్ని ఏలినప్పటిది. ఒక పక్క వాళ్ల రాణి బొమ్మ. తలమీద కిరీటం, మెడలో నగలు, కొంచెం బొద్దు మొగం. పెండ్లిలో పుట్టింటోళ్లు వేసిన రూపాయిల దండలో మిగిలింది అదొక్కటే. అత్త ఆమెను రాణెమ్మ అనేది.

మామ పోయినాక అత్త బొట్టు తీసేసింది. పలమనేరులో మా ఇంట్లో అప్పటికి అదే పద్ధతి. అయితే శుక్రవారం వస్తే పాలు పితికి వచ్చి, చేతులు కడుక్కొని, ఆ రూపాయిని చింతపండుతో తోమి పసుపు రాసేది. పక్కకు తిరిగిన మొగం కదా, నొసలు యాడుండాదో కండ్లు చికిలించి వెతికి కుంకం పెట్టేది. చుక్క జరిగితే తుడిచి మళ్లీ పెట్టేది.

"ఎవురత్తా ఆమె, లచ్చిందేవా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని.

"మెడనిండా నగలుండాయి చూడు. ముత్తైదువ. బొట్టు పెడితే తప్పేముండాది?" అనేది.

నా కూతురు అప్పుడు తిరుపతిలో కాలేజీ చదువుతా ఉన్నింది. సెలవలకొచ్చి, రూపాయి మీద ఏడాది చూసి నాతో చెప్పింది. "అమ్మా, ఇది కొట్టేటప్పటికే ఈ రాణి మొగుడు పోయినాడు. ఆమె నలభై ఏండ్లు నల్లబట్టలే కట్టిందంట."

నేను అయిదో తరగతి దాటలేదు. కొత్త సంగతి తెలిస్తే కడుపులో నిలవదు. ఆ శుక్రవారమే, ఎదురింటామె పాలకొచ్చి నిలబడి ఉండంగానే అనేసినాను.

"అత్తా, నీ రాణెమ్మ కూడా మొగుడు లేనిదేనంట."

ఎదురింటామె నవ్వింది. నేనూ నవ్వినాను. అత్త వేలిమీద కుంకం అట్లే ఉన్నింది. కొంచేపు రూపాయిని చూసి, "మరి నగలు తియ్యలేదా?" అనింది.

"రాణి కదత్తా. ఆమెవి ఎవురు తీయిస్తారు?"

అత్త వేలు కొంగుకు తుడుచుకొని రూపాయిని బియ్యం డబ్బాలో పెట్టేసింది. మళ్లీ బయటికి తీయలేదు. "పెట్టత్తా, ఏం కాదులే" అని రెండు మూడు సార్లు చెప్పినాను. "వద్దులే, ఆమెకూ బాధే" అనింది.

అత్త పోయి ఆరేండ్లయింది. పోయినేడు మా ఆయన పోతే, నా కూతురు నా బొట్టు ఎవురినీ ముట్టుకోనీలేదు. ఇప్పుడు రూపాయి నా దగ్గరే ఉండాది. నగల సందుల్లో పసుపు ఇంకా పోలేదు.

ఆ పొద్దు రాణి నగలు తీయలేదని నా నోటితో నేనే చెప్పినాను. అట్లయితే నువ్వూ ఒక చుక్క పెట్టుకో అత్తా, అని అప్పుడే అనుండొచ్చు గదా. కుంకం భరిణె నా పక్కనే ఉన్నింది.