అడుగున పేరు లేని పాత్రలు

ఇప్పుడు మా సంఘంలో ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసాన్ని బొటనవేలంత ప్లాస్టిక్ కప్పుల్లో ఇస్తున్నారు. పైన వెండికాగితం అంటించి ఉంటుంది. దాన్ని ఒలిచేసరికి ద్రాక్ష వాసన కంటే ముందు కొత్త ప్లాస్టిక్ వాసన ముక్కుకి తగులుతుంది. తాగాక అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థనలో ఉంటే నేను మాత్రం ఆ కప్పుని తిరగేసి అడుగు చూస్తాను. అక్కడ కంపెనీ గుర్తు, పక్కన ఏవో అంకెలు అచ్చు వేసి ఉంటాయి. ఏ పాత్ర చేతికొచ్చినా ముందు అడుగు చూడటం మా అమ్మ దగ్గర అబ్బిన అలవాటు. అమ్మకి దాన్ని నేర్పింది కజుకో ఆంటీ. అయితే వాళ్ళిద్దరూ అడుగున వెతికింది పేరు కోసం కాదు. పేరు లేదని రూఢి చేసుకోవడం కోసం.

డెబ్భైల చివర్లో మేం బర్ దుబాయ్‌లో బట్టల దుకాణాల వెనక సందులో, మూడో అంతస్తులో ఉండేవాళ్ళం. నాన్న ఓడరేవులో క్రేను నడిపేవాడు, అమ్మ ఆసుపత్రిలో కాన్పుల వార్డు నర్సు. ఒక్క గదిని చెక్కతో రెండు చేసుకుని ఇవతల మేం, అవతల ఇంకో కుటుంబం. కింద తానుల కొద్దీ విప్పిన కొత్త గుడ్డ వాసన, పక్కింటి సాంబ్రాణి లాంటి ఊదు వాసన, మా అమ్మ పెట్టే వెల్లుల్లి తాలింపు, అన్నీ కలిసి మెట్ల మీదే ఒక ముద్దగా తగిలేవి. ఎండాకాలం చన్నీళ్ళ కొళాయి తిప్పినా సలసల కాగే నీళ్ళే వచ్చేవి కాబట్టి అమ్మ పొద్దున్నే బకెట్లు నింపి గదిలో పెడితే సాయంత్రానికి అవి స్నానానికి పనికొచ్చేవి. ఇసకగాలి లేచిన రోజున కిటికీలకి తడి దుప్పట్లు కట్టినా అన్నంలో ఇసక పళ్ళకింద కరకరలాడేది. నేనూ తమ్ముడూ వరండాలో సుద్దముక్కతో గళ్ళు గీసి, ఖర్జూరం గింజలు కాయలుగా పెట్టుకుని అష్టాచెమ్మా ఆడేవాళ్ళం. అక్కడ సెలవు శుక్రవారం గనక మా ఆరాధనా శుక్రవారమే, మా ఆదివారపు బడీ శుక్రవారమే. బళ్ళో టీచరు వారాల పేర్లు అడిగితే తమ్ముడు శనివారం తరవాత సోమవారం చెప్పి, ఆదివారం గుళ్ళో ఉంటుందని వాదించాడు.

కజుకో ఆంటీ మా అమ్మ వార్డులో పురుడు పోసుకున్న జపాను ఆవిడ. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే ప్లాంటులో ఆమె భర్త ఇంజనీరు. తొలిచూలు, పక్కన తల్లి లేదు. అమ్మ ఇంటి నుంచి మిరియాల చారు కాచి తీసుకెళ్ళి పోసేది. ఆవిడ ఇంటికెళ్తూ, తను అన్నం తినడానికి తెచ్చుకున్న మట్టి గిన్నెనే కడిగి అమ్మ చేతిలో పెట్టింది. పండిన సపోటా రంగు పూత, లోపల చీపురుపుల్లతో తిప్పినట్టు తెల్లటి చార. అడుగు దగ్గర మూడుచోట్ల పూత అంటక మట్టి కనబడుతోంది. పూతలో ముంచేటప్పుడు కుమ్మరి పట్టుకున్న వేళ్ళ గుర్తులవి. అమ్మ తన మూడు వేళ్ళూ ఆ గుర్తుల మీద పెడితే సరిగ్గా సరిపోయాయట. ఆ రోజు ఇంటికొచ్చి గిన్నెని ఒళ్ళో పెట్టుకుని ఎందుకు ఏడుస్తోందో మాకు అర్థం కాలేదు. తరవాత చెప్పింది. బాపట్ల దగ్గర మా తాతయ్య కుమ్మరి. సారె ముందు కూచున్న తండ్రి చేతుల్ని తప్ప అంత దగ్గరగా ఏ చేతుల్నీ తను చూడలేదని చెప్పింది.

అక్కణ్ణించి అమ్మ ఆ పాత్రలు పోగుచెయ్యడం మొదలుపెట్టింది. వాటిని ఎవరైనా జపాను పింగాణీ అంటే ఒప్పుకునేది కాదు, మట్టి అనాలి అనేది. జపాను ఊళ్ళల్లో కొన్ని కుటుంబాలు తరతరాలుగా ఒకే కొండ మన్ను తవ్వి చేస్తారనీ, తిండి తినడానికీ పచ్చడి పెట్టుకోవడానికీ తప్ప అలంకారానికి కాదనీ, చేసినవాడు అడుగున పేరు చెక్కడనీ కజుకో ఆంటీ సగం ఇంగ్లీషులో సగం చేతుల్తో చెప్పేది. పేరు చెక్కకపోవడం అమ్మకి అన్నిటికన్నా నచ్చింది. కుడిచేతితో చేసింది ఎడమచేతికి తెలియకూడదన్న మాట ఎరిగిన వాళ్ళలాగే ఉన్నారే అంది. ప్లాంటులో పని ముగిసి స్వదేశానికి పోయే జపాను కుటుంబాలు బరువని వదిలేసేవి కొన్ని మా ఇంటికి చేరేవి. మిగతావి ఊరి మధ్యకి సముద్రం పాయలా వచ్చే క్రీక్ ఒడ్డున పాత సామాన్లమ్మే ఒక ముసలి ఇరానీ కొట్లో ఫ్యాన్ల మధ్య, టేప్ రికార్డర్ల మధ్య దొరికేవి. మేకలకి నీళ్ళు పెట్టడానికి తప్ప పనికిరావని ఆయన నమ్మకం. అమ్మ కోసం పక్కన పెట్టి, ఇంట్లో ఎన్ని మేకలున్నాయి సిస్టర్ అని హిందీలో అడిగేవాడు.

నాన్న పద్ధతి వేరు. ఎవరింటికెళ్ళినా, “దుబాయ్ వచ్చి అందరూ బంగారం కొంటన్నారు, మా ఆవిడ మన్ను కొంటంది” అని నవ్వించేవాడు. కానీ గోడకి ఇనప అరలు బిగించింది ఆయనే.

ఆ అరల మీద ఒక్కోదాన్నీ అమ్మ అన్నం మెతుకుని పట్టుకున్నంత మెల్లిగా దించేది. ఉప్మారవ్వ చల్లినట్టు ఉలి గంట్లున్న పెద్ద పళ్ళెంలో క్రిస్మస్‌కి అరిసెలు, నూనె ఒత్తిన చెక్కల వాసనతో సహా, పైన గులాబీ పువ్వుల పిండివంట గుట్టగా పోసేది. మూతున్న జాడీలో ఆవకాయ. ఒక పక్కకి మూతి సాగిన గిన్నెలో మజ్జిగ. వాటికి పేర్లు లేవని జాలిపడి నేనూ తమ్ముడూ మేమే పెట్టాం. ఆదివారపు బడిలో నేర్చుకున్న బైబిలు పేర్లే. లావుపాటి జాడీ సమ్సోను. బీటపడి కూడా కారని ముసలి కూజా మెతూషెల. జంట గిన్నెలు మార్త, మరియ. అన్నం ముందు ఎవరికి ఏ పాత్ర అని కొట్లాట వస్తే, “మార్తకి పని ఎక్కువ, దాన్ని వదిలేయండ్రా” అనేది అమ్మ.

వాటిలో ఒక చిన్న నల్లటి సీసాలాంటి కూజా ఉండేది. సన్నటి మెడ, గుండ్రటి పొట్ట, పొట్ట మీద పూత కారి ఆగిపోయిన ఒక తేనెచుక్క. అప్పటిదాకా సంఘంలో ద్రాక్షరసాన్ని షర్బతు సీసాలో పోసి బల్ల మీద పెట్టేవాళ్ళు. అమ్మ ఆ కూజాని ప్రభువు బల్లకి ఇచ్చింది. సంఘ పెద్ద యోసేపు గారు దాన్ని రెండు చేతుల్లో తిప్పి చూసి, మనం కూడా మట్టి పాత్రలమేగా అని సంతోషించారు. ఆయన గురించి ఇక్కడొక మాట చెప్పాలి. ఓడ కంపెనీ గోదాములో గుమాస్తా. ఊరి నుంచి కొత్తగా దిగిన ఏ కుర్రాడికైనా మొదటి అన్నం ఆయన ఇంట్లోనే. జ్వరంతో పడున్న మనిషి కోసం ఎడారిలో సజ్జా అనే చోటి దాకా పోయి కూలీల కేంపులో రాత్రంతా కాపలా కూర్చున్న మనిషి. వాక్యం ఆయనకి అన్నం లాంటిది. ఆయన కఠినుడని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను.

అమ్మకి ఒకటే కోరిక. కజుకో ఆంటీ ప్రభువుని తెలుసుకోవాలి. ప్రతి ఉదయం డ్యూటీకి పోయే ముందు మోకరించి ఆవిడ పేరెత్తి ప్రార్థించేది. ఏళ్ళ తరబడి పిలిచాక, ఒక శుక్రవారం, ఎండ తగ్గి క్రీక్ మీద గాలి చల్లబడిన రోజుల్లో, ఆవిడ బిడ్డని వెంటబెట్టుకుని ఆరాధనకి వచ్చింది. అమ్మ ఆవిణ్ణి ముందు చాప మీద కూచోబెట్టి, పాట ఎత్తింది. అమ్మ గొంతు అంత పైకి పోవడం నేను ఎప్పుడూ వినలేదు.

ఆరాధన అయ్యాక యోసేపు గారే వెళ్ళి ఆవిణ్ణి పలకరించారు. ఆవిడ బల్ల మీది నల్లకూజాని చూసి మొహమంతా వెలిగిపోయి, వచ్చీరాని ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆమెకది గొప్ప గౌరవంగా తోచినట్టుంది, రెండుసార్లు చెప్పింది. ఇలాంటివే వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో దేవతల అర మీద ఉంటాయట. నెల మొదటి రోజున బియ్యపు సారా పోసి దేవతల ముందు పెడతారట. మీరూ మీ దేవుడి ముందు అలాగే పెట్టుకున్నారు, చాలా సంతోషం, అని తల వంచి నమస్కరించింది.

యోసేపు గారు ఆవిణ్ణి మర్యాదగా మెట్ల దాకా సాగనంపి వచ్చారు. వచ్చాక కుర్చీలో కూలబడ్డారు.

“అమ్మా కరుణమ్మా, ఇందులోనే గదమ్మా ఇన్నాళ్ళూ ప్రభువు రసం పోసుకుంది” అన్నారు.

దీన్ని ఆ పనికి వాడారో లేదో ఎవరికి తెలుసండీ, కొట్లో కొన్నాను, అంది అమ్మ. మరి ఇంట్లో ఉన్నవన్నీ అని ఎవరో అడిగారు. తమ్ముడు మధ్యలో దూరి, వాటికి పేర్లున్నాయి అంకుల్, ముసలిదాని పేరు మెతూషెల, అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. యోసేపు గారు కూడా నవ్వబోయి వాడి తల నిమిరి, అమ్మ వైపు తిరిగారు.

“పేరు లేదు, ఊరు లేదు. ఏ విగ్రహం ముందు పెట్టారో, ఎక్కడ ఎత్తుకొచ్చారో చెప్పడానికి వాటికి నోరు లేదు. దేన్ని ఉంచమంటావమ్మా?”

“మా నాన్న చేసిన కుండ ఎవరింటికెళ్ళిందో మా నాన్నకే తెలీదండి” అంది అమ్మ. “జాతరకీ మా నాన్న కుండే, కరువులో గంజికీ మా నాన్న కుండే. మన్ను ఒకటేనండి.”

“అందుకేనమ్మా నేను భయపడేది.”

నల్లకూజాని ఆయనే పట్టుకెళ్ళి క్రీక్‌లో వేశారు. మిగతావి అమ్మ చేతికే వదిలేశారు. పగలగొట్టమని ఆజ్ఞ ఏమీ వెయ్యలేదు. ఉంచుకుంటే మాత్రం బల్ల దగ్గరికి రావద్దన్నారు, అది కూడా ఏడుస్తూనే అన్నారు. ఆ వారమంతా అమ్మ ఉపవాసం ఉంది. ప్రభువు బల్లని విడిచి అమ్మ బతకలేదని నాన్నకి తెలుసు, అందుకే ఏమీ అనలేదు. నేను బడి నుంచి వచ్చేసరికి అరలు సగం ఖాళీ. మేడమీద నీళ్ళ ట్యాంకు పక్కన, పెంకులు ఎగిరి మాకు తగలకుండా ఒక్కోదాన్నీ తువ్వాల్లో చుట్టి, కమ్మీతో కొడుతోంది అమ్మ. తువ్వాల్లోంచి చప్పుడు మెత్తగా, దగ్గులాగా వచ్చేది. తమ్ముడు మెట్ల మీద కూచుని ఒక్కో చప్పుడుకీ ఒక్కో పేరు పిలిచాడు. మార్త. సమ్సోను. మూడు వేళ్ళ గిన్నె దగ్గరికొచ్చేసరికి అమ్మ ఆగింది. దానికి మేం పేరు పెట్టలేదు. వేళ్ళు గుర్తుల మీద ఆనించి చాలాసేపు కూచుని, తరవాత దాన్ని కూడా చుట్టింది.

కజుకో ఆంటీ కొద్దిరోజుల తరవాత వచ్చింది, చేతిలో కాగితంలో చుట్టిన కొత్త పళ్ళెంతో. లోపలికి అడుగుపెట్టి ఖాళీ అరల్ని చూసింది. అమ్మకి అబద్ధం రాదు. దేవుడి కోసం పగలగొట్టానంది. ఆ ఇద్దరికీ ఉన్న ఇంగ్లీషులో అంతకుమించి చెప్పడానికి మాటల్లేవు. ఆవిడకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

“ఖలాస్?” అంది.

కూరగాయల కొట్లో, టాక్సీలో, ఆసుపత్రిలో అందరం రోజూ వాడే అరబ్బీ మాట. సామాను అయిపోతే ఖలాస్, పని అయిపోతే ఖలాస్. కజుకో ఆంటీ చేతిలోని పళ్ళేన్ని కిందా పెట్టలేదు, ఇవ్వనూ లేదు. వచ్చినప్పటిలాగే గుండెకి హత్తుకుని, నడుం దాకా వంగి నమస్కరించి, మెట్లు దిగిపోయింది. మళ్ళీ రాలేదు. కొన్నాళ్ళకి వాళ్ళ ఇంట్లో వేరేవాళ్ళు దిగారు.

అమ్మ బల్ల దగ్గరికి వెళ్ళింది, జీవితాంతం వెళ్ళింది. పాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఎవరైనా ఎత్తితే వెనక కలిపేది. ఉదయం మోకరించి కజుకో ఆంటీ కోసం ప్రార్థించడం మానలేదు. ఒకరోజు ప్రార్థన మధ్యలో ఆగిపోయి నన్ను అడిగింది, ఆవిడ ఇంటిపేరేమిటే, ఏ ఊరు అనేది, అని. నాకు తెలియదు. నాన్నకీ తెలియదు. ఆసుపత్రిలో అడిగితే పాత కాగితాలు లేవన్నారు.

“పేరు సగమే ఉంది, ఊరు లేదు” అంది అమ్మ. “ఎక్కడని ఎతుకుతాడే ఆయన?”

సర్వం ఎరిగిన దేవుణ్ణి గురించి అమ్మ అలా మాట్లాడటం అదొక్కసారే విన్నాను.

అమ్మ పోయింది, నాన్న పోయాడు, యోసేపు గారు సొంతూళ్ళో సమాధి అయ్యారు. తమ్ముడు ముసఫ్ఫా అనే ఊళ్ళో వర్క్‌షాప్ పెట్టుకుని ఇప్పటికీ ప్లాస్టిక్ పళ్ళెంలో తప్ప తినడు. మా సందు లేదు, ఆ మేడ లేదు, మేకల ఇరానీ కొట్టున్న చోట ఫోన్లు అమ్ముతున్నారు. సెలవులు మారిపోయి ఇక్కడ కూడా ఆదివారమే ఆదివారం అయింది. క్రీక్ మాత్రం ఉంది. అబ్రా పడవలో దాటుతున్నప్పుడల్లా అడుగున బురదలో నోరు తెరుచుకుని పడున్న నల్లకూజా గుర్తొస్తుంది. సారా పోసుకున్నా, ద్రాక్షరసం పోసుకున్నా, ఇప్పుడు దాన్నిండా ఉప్పునీళ్ళే.

నేను విశ్వాసినే. మట్టిని చేసినవాణ్ణి నమ్ముతాను, ఆయన కోసమే అమ్మ అంత పనీ చేసిందని నమ్ముతాను. కానీ ఆ పనే కజుకో ఆంటీని మెట్లు దింపేసిందేమోనన్న దిగులు ఏ ప్రసంగంతోనూ తీరలేదు, ఏ ఉపవాసంతోనూ తీరలేదు. ప్రతి ఆదివారం బల్ల దగ్గర సగం పేరుతో ఆవిడ కోసం ప్రార్థిస్తాను. వరసలో నడిచే కుర్రాడు నల్లసంచి పట్టుకుని వస్తాడు. అడుగున కంపెనీ పేరున్న కప్పుల్ని అందరూ నలిపి అందులో వేస్తారు. నేను ఇంకా కళ్ళు తెరవకపోతే వాడు నా ముందు ఆగి, మెల్లిగా అడుగుతాడు.

“ఆంటీ, ఖలాస్?”