పెంటయ్య మొక్కు తీరినాక

మా చిన్నప్పుడు... టీకాల సారు సైకిలు వాగు దాటిందని తెలిస్తే చాలు, ఊళ్లో పిల్లలమంతా జొన్న చేలల్లో దూరేవాళ్లం. దొరికినవాళ్లను దొరికినట్టు పట్టుకుని, జబ్బ మీద మందు చుక్క వేసి, పళ్లున్న సూదిని గిర్రున తిప్పేవాడు. ఆ తర్వాత జ్వరం, చీము... అదో వేరే సంబరం.

ఆ ఏడు నేను దొరికిపోయాను. పట్టిచ్చింది ఎవరో కాదు, కన్నతండ్రి మా బాపే! ధర్మపురి గోదారి దాకా వినబడేలా ఏడ్చాను.

మా తమ్ముడు పెంటయ్యకు మాత్రం సూది తగలనివ్వలేదు.

పేరు చూసి నవ్వకండి. వాడికంటే ముందు పుట్టిన ఇద్దరు మగపిల్లలు పురిట్లోనే పోయారు. అందుకని వీడు పుట్టగానే మా బాపమ్మ, అంటే బాపు వాళ్ల అమ్మ, పెంటకుప్ప మీద పొర్లించి ఆ పేరు పెట్టింది. పెంట మీద దొరికినవాణ్ని చావు ముట్టదని మా దిక్కు నమ్మకం. అంతటితో ఆగిందా? పుట్టువెంట్రుకలు కొండగట్టు అంజన్నకు ఇస్తామని, అప్పటిదాకా పిల్లవాడి ఒంటికి ఇనుము తగలనివ్వమని కూడా మొక్కింది. వాడి గోళ్లు సైతం మా అవ్వ, అంటే మా అమ్మ, పళ్లతోనే కొరికి తీసేది. భుజాల మీద పడే జుట్టుతో ఎంత ముద్దొచ్చేవాడో...

సారు మా వాకిట్లోకి వచ్చేసరికి బాపమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"మొక్కున్నది సారూ... పోరనికి ఇనుము తగలొద్దు."

"మరి బొడ్డు దేంతోటి కోసిండ్రు పెద్దవ్వా?" సారు గడుసువాడే.

"గప్పటికి మొక్కలే!"

అందరూ నవ్వారు, సారు కూడా. నవ్వనిది మా అవ్వ ఒక్కతే. పక్క ఊళ్లో తల్లి పోసిందని ఆమె వినివుంది. మశూచిని అప్పట్లో ఎవరూ పేరు పెట్టి అనేవాళ్లు కాదు... తల్లి వచ్చింది అనాలి, అంతే.

అత్త ముందు నోరు విప్పని మనిషి, ఆ రోజు పెంటయ్యను చంకనెత్తుకుని దొడ్డిదారిన వెళ్లి సారును సందులో ఆపింది. ఆమె కుచ్చిళ్లు పట్టుకుని నేనూ ఉన్నాను. కొంగు ముడిలోంచి ఒక తుమ్మముల్లు తీసింది. శుభ్రంగా కడిగిన ముల్లు.

"సారూ... గీ ముల్లుతోటి ఏస్తరా? ఇనుము గాదు గద... మొక్కు తప్పినట్టు గాదు."

సారు ఈసారి నవ్వలేదు.

"ముల్లుతోటి ఏసుడు నాకు నేర్పలే అమ్మా. చీము వట్టి పోరనికేమన్న అయితే నన్ను బతకనిస్తరా? జర జల్ది మొక్కు తీర్సుకోండ్రి. మళ్ల వస్త."

"తీరంగనే నేనే తీస్కస్త సారూ" అంది అవ్వ.

చైత్రంలో కొండగట్టుకు బండి కట్టాలనుకున్నారు. ఇంతలో మా పెద్దబాపు, బాపు వాళ్ల అన్న, పోయాడు. ఇంట్లో చావైతే ఏడాది దాకా గుట్ట ఎక్కకూడదు. గుట్ట ఎక్కనిదే మొక్కు తీరదు, మొక్కు తీరనిదే సూది పడదు... బాపు గుడి అయ్యగారిని అడిగాడు, కులపెద్దలను అడిగాడు. అందరూ తల అడ్డంగానే ఊపారు.

ఎండలు ముదిరాక తల్లి మా ఊరికి వచ్చింది. మా ఇంటికే వచ్చింది.

గడపకు వేపమండలు కట్టారు. ఇంట్లో తాళింపు మానేశారు. పెంటయ్య ఒళ్లంతా పొక్కులు... గోక్కోకుండా చేతులకు మెత్తటి గుడ్డలు చుట్టారు. నేను పక్కనే కూర్చుని వేపకొమ్మతో విసిరేదాన్ని. నాకేమీ కాలేదు.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం... "అక్కా, దీపం ముట్టియ్యి" అన్నాడు.

ఏం చెయ్యాలో తెలియక నిజంగానే దీపం ముట్టించాను.

"ముట్టియ్యవేందే..." అన్నాడు మళ్లీ.

బాపమ్మ పోచమ్మ గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టింది. ఆమెను తిట్టుకోవాలనే ఉంటుంది నాకు... కానీ వాణ్ని ఆమెకంటే ఎక్కువ ప్రేమించింది ఎవరు? ఎవరిని తిట్టాలో ఈ వయసుకు కూడా తెలియడం లేదు.

ప్రాణం నిలిచింది. రెండు కళ్లూ పోయాయి.

ఏడాది తిరిగాక కొండగట్టు వెళ్లాం. గుంటలు పడ్డ ఆ నెత్తి మీద మంగలి ఎక్కడా తెగకుండా మెల్లగా కత్తి పెట్టాడు. మొక్కు తీరింది.

ఆ తర్వాత టీకాల సారు మా ఊరు వచ్చినప్పుడు, అవ్వ వాణ్ని చెయ్యి పట్టి నడిపించుకుంటూ తీసుకెళ్లింది. అంగీ చెయ్యి పైకి మడిచింది.

"మొక్కు తీరింది సారూ... తీస్కస్తనన్న గద. ఏయుండ్రి."

సారు వాడి మొహం చూశాడు. "ఇగ అక్కెర లేదమ్మా... ఒక్కసారి వచ్చినోళ్లకు మళ్ల రాదు."

అవ్వకు వినబడిందో లేదో... ఆ చెయ్యి అట్లాగే ముందుకు పట్టుకుని నిలబడింది.

ఇప్పుడు మా మునిమనవరాలి టీకా రోజు వస్తే ఫోనే గుర్తుచేస్తోంది. మశూచి అంటే ఏమిటని అడుగుతున్నారు పిల్లలు. తెలియకపోవడమే మంచిది...

మీ ఇళ్లలో పెద్దవాళ్ల జబ్బ మీద గుండ్రటి టీకా మచ్చ ఉంటే, ఆ రోజు పట్టుకుని వేయించింది ఎవరో అడిగి ఇక్కడ రాయండి. నా మచ్చనైతే మా పెంటయ్య పోయేదాకా వేలితో తడిమి చూసేవాడు.

"గింతదేనా అక్కా?" అనేవాడు...