మైకు ముందు చెప్పిన మాట

నర్సంపేట దగ్గరి పల్లెలో లక్ష్మీనర్సమ్మ మాటంటే మిరప రైతులకు గురి. భర్త పోయాక పదేళ్లుగా రెండెకరాలు ఒక్కతే చేస్తోంది. కిందటేడు తామర పురుగు ఊరి చేలన్నీ ముంచినా ఆమె చేను నిలిచింది. వేపనూనె కొట్టి, పాడైన మొక్కల్ని ఎప్పటికప్పుడు పీకేయడమే ఆమె చేసింది.

ఆ సంగతి విని వరంగల్ లోకల్ చానల్ రిపోర్టర్ భానుచందర్ కెమెరాతో వచ్చాడు. ఆమె చెప్పిందంతా రికార్డు చేసుకుని, చివర్లో ఒక మందు సీసా చేతికిచ్చి, దీనితోనే పురుగు పోయిందని చెప్పమన్నాడు. తానది వాడలేదంది. వార్తల్లో అందరూ ఇలాగే చెబుతారన్నాడు. మొహమాటపడి చెప్పేసింది.

ఈ ఏడు మిరప నాట్ల నుంచి ఆ సీసా మాట ఒక్కటే రోజూ సాయంత్రం వార్తల నడుమ వచ్చింది. వేపనూనె ఊసే లేదు. టీవీలో కనిపించావని ఊరంతా మెచ్చుకుంటుంటే ఆమె అబద్ధమని చెప్పలేకపోయింది.

ఎకరం కౌలుకు చేసే కట్టమ్మ ఏ మందైనా లక్ష్మీనర్సమ్మను అడిగే కొట్టేది. టీవీలో విన్నాక ఇంకా అడగడమెందుకని ఆ సీసా మందే కొట్టింది. నెల తిరిగేసరికి ఆకు ముడుచుకుని పూతంతా రాలింది. చేను దున్నేసిన రోజు వచ్చి లక్ష్మీనర్సమ్మ వాకిట్లో నిలబడింది.

“టీవీవోళ్లు చెప్తే నమ్మకపోదునక్కా. నువ్వు చెప్పినవని కొట్టిన.”

“నేనది కొట్టనే లేదు కట్టమ్మా.”

కట్టమ్మ ఆమె మొహంలోకి చూసి వెళ్లిపోయింది.

మర్నాడే లక్ష్మీనర్సమ్మ హనుమకొండలోని చానల్ ఆఫీసుకు వెళ్లింది. భానుచందర్ ఆమెను మెట్ల కిందికి తీసుకొచ్చాడు.

“అది వార్త కాదమ్మా, యాడ్. కంపెనీ పైసలు కట్టింది. సీజన్ అయ్యేదాక నడుస్తది.”

నిజం చెబుతాను, మళ్లీ రికార్డు చెయ్యమని బతిమాలింది. అతను కెమెరా తియ్యలేదు.

అక్కణ్నుంచి నర్సంపేట మందుల దుకాణం ముందుకెళ్లి, వచ్చినవాళ్లందరికీ ఆ సీసా కొనొద్దని చెప్పింది. దుకాణదారు ఫోన్‌లో ఆమె వీడియోనే పెట్టి చూపించాడు. ఒక రైతు ఆమె వైపు తిరిగాడు.

“టీవీల నువ్వే గదా? అబద్ధం గప్పుడు చెప్పినవా, గిప్పుడు చెప్తున్నవా?”

“గప్పుడు చెప్పిన,” అంది.

అతను సీసా కొనుక్కునే పోయాడు. నాలుగు రోజులు ఆమె అక్కడే నిలబడింది. ఇద్దరో ముగ్గురో మాత్రం ఉత్తచేతులతో తిరిగిపోయారు.

కాయ ఏరే రోజులొచ్చాయి. కట్టమ్మ కూలికి పోతోందని తెలిసి, తన చేనుకు రమ్మని లక్ష్మీనర్సమ్మ కబురు పంపింది. ఆమె రాలేదు. తెల్లారగానే ఆటోలో పక్క ఊరి చేలకు పోయింది.