మా పెదనాన్నగారి చెడుగుడు బరి

వేలమంది కూర్చుని చూసేలా రాజులు రాతితో కట్టించిన బరుల గురించి సోషల్ పుస్తకంలో చదువుకున్నాను గానీ, నాకు తెలిసిన బరి మాత్రం మా పెదనాన్నగారి వరిచేనే. రెండో పంట దాళ్వా కోతలయ్యాక ఆయన దగ్గరుండి నెర్రెలు పూడ్పించి, నీళ్ళు చల్లించి, ఊక పరిపించి, సున్నంతో గీతలు గీయించేవారు. వాళ్ళ తాతగారి కాలంలో అదే చేలో కుస్తీలు జరిగేవట.

"బరిలో దిగాక పెద్దా చిన్నా లేదమ్మా. అందుకే మనవాళ్ళు బరి గీశారు" అని ఏటా నాకు చెప్పేవారు. చెప్పేటప్పుడు ఆ చేలో కుర్చీ ఉన్నది ఆయనొక్కరికే.

తొంభైల్లో ఆయనకు నలభై దాటి, బొజ్జ కూడా వచ్చింది. అయినా సాయంత్రాలు చెడుగుడులో ఆయనను పట్టిన మొనగాడు లేడు. ఆయన కూతకు వెళితే అవతలి జట్టు, అంటే ఆయన పొలాలు కౌలుకు చేసేవాళ్ళూ, పాలేర్లూ, కోళ్ళలా చెదిరిపోయేవారు. కూత మధ్యలో ఆయాసమొచ్చి ఆగిపోతే అందరూ కొబ్బరిచెట్ల వైపు చూసేవారు. ఎప్పుడైనా గీత తొక్కితే, "కాస్త అవుటయినట్టున్నారండి" అని ఎవరో నసిగేవారు.

"కాస్తే కదా" అని ఆయన ఆట సాగించేవారు. గట్టు మీద మా పెద్దమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకునేది.

ఒక వేసవిలో తణుకు దగ్గరి ఊరి జట్టును పోటీకి పిలిచి, కెప్టెన్ తానేనన్నారు. ఓడిపోతే బరి దున్నేస్తానని ఊరంతా చాటారు. తొలకరికి ఎలాగూ దున్నాల్సిందే, అది వేరే సంగతి.

మొదటి కూతకు ఆయనే వెళ్ళారు. గీత దాటారో లేదో, అవతలి జట్టులో ఒకడు చీలమండ పట్టి లాగాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. ఆ కుప్ప కిందనుంచి "ఏవయ్యా, అది నా కాలు" అన్న గొంతు వినిపించింది. ఆట ముగిసేసరికి మేం ఓడిపోయాం. తలనిండా ఊకతో నిలబడ్డ ఆయనను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఆయన, రోజూ తనతో ఆడే కౌలు రైతునొకణ్ణి పిలిపించారు.

"నిజం చెప్పరా. ఇన్నేళ్ళూ నన్ను పట్టలేకపోయారా, కావాలని వదిలేశారా?"

అతను తువ్వాలు నలుపుతూ, "మీ చేలో నిలబడి మీ కాలెలా లాగుతామండి?" అన్నాడు.

ఈసారి పెద్దమ్మ నవ్వలేదు.

"కాలవ పక్కన పంచాయతీ స్థలం నాది కాదు కదా. సాయంత్రం అందరూ అక్కడికి రండి" అన్నారు పెదనాన్నగారు.

అక్కడ సున్నమూ లేదు, ఊకా లేదు. పుల్లతో నేల మీద గీత గీశారు. ఆయన కూతకు దిగగానే అలవాటుగా అందరూ వెనక్కి జరిగారు. దాంతో ఆయన "చెడుగుడు" అనడం మానేసి, ఊపిరి తీయకుండా "పట్టండ్రా పట్టండ్రా పట్టండ్రా" అని కూత పెట్టారు. ఊపిరి అయిపోవస్తుండగా ఆ కౌలు రైతే ముందుకొచ్చి, "ఏమనుకోకండి" అని నడుం పట్టి నేలకేశాడు.

ఇంట్లో పెద్దమ్మ ఆయన మోకాళ్ళకు పసుపు రాసింది. అంత సంతోషంగా ఆయనను నేనెప్పుడూ చూడలేదు. దెబ్బలు చూసి కంగారుపడుతూ వచ్చిన ప్రతివారికీ పంచె పైకి లాగి మరీ చూపించారు.

"పై ఊరివాడు కాదండి. మనోడే పట్టాడు."