మగ్గం అర్రలో నిలువుటద్దం

రుమాలు నేలమీద పరిచి చూసేది, చీర మనిషి మీద చూసేది. ఇంత చిన్న సంగతి తలకెక్కడానికి మా బాపు చాలా నూలు పాడుచేశాడు.

అవి నిజాం సర్కారు చివరి ఏళ్లు. పోచంపల్లిలో మా ఇంట్లో అప్పటిదాకా నేసినవన్నీ రుమాళ్లే. చీర మీద పువ్వులు పూయించాలని బాపుకు పిచ్చి పట్టింది. ఆ పిచ్చికి అండ మా మేనత్త. నూలుకు ముళ్లు కట్టి రంగులో ముంచకముందే పువ్వు ఎక్కడ పూస్తుందో ఆమె వేళ్లకు తెలుసు. కానీ చీర కట్టుకున్నాక ఆ పువ్వులు కుచ్చెళ్లలోకి పోయి దాక్కునేవి. పట్నం సావుకారు చీరలు తిప్పి పంపాడు. మళ్లీ ఇలాంటివే తెస్తే చీర మాటే ఎత్తవద్దన్నాడు.

చీర కడితే పువ్వు ఎక్కడ పడుతుందో చూడాలని బాపు పట్నం పోయి నిలువుటద్దంతో తిరిగొచ్చాడు. ఏ నవాబు ఇంటిదో, పాత సామాన్ల దుకాణంలో దొరికింది. ఒక నూలుపోగును ఒక్కో అద్దం ముందు వేలాడదీసి చూశాడట. పోగు వంకర్లు పోయిన అద్దాలను వదిలేసి, నిటారుగా చూపినదాన్ని పట్టుకున్నాడు. బొంతల్లో చుట్టి, బండి మీద బాలింతను తెచ్చినట్టు తెచ్చాడు.

"చేతి కంకణానికి అద్దమెందుకురా?" అంది అవ్వ.

"పువ్వు చేతికి గాదమ్మా, నడుముకు."

మా మట్టిగోడలో మేకు నిలవలేదు. చివరికి దూలానికి తాడు కట్టి వేలాడదీశాడు. అద్దం ముందుకు వాలి మా పాదాలు చూపిస్తూ తలలు తీసేసింది. అడుగున గుడ్డపేలికలు కుక్కితే గానీ మాకు తలలు రాలేదు.

మేనత్త మాత్రం దాని ముందుకు రాలేదు. పెళ్లైన ఏడాదికే ఆమె భర్త పోయాడు. అప్పటినుంచి ఆమె అద్దం చూసింది లేదు. అది అవ్వ పెట్టిన కట్టు. తాత పోయాక తానూ చూడలేదు కాబట్టి అవ్వకు ఎదురు చెప్పే నోరు ఇంట్లో లేదు. అత్త కొంగు ముఖం మీదికి గుంజుకుని గోడవారగా నడిచిపోతుంటే ఆ అద్దాన్ని పగలగొట్టాలన్నంత కోపం వచ్చేది నాకు. పాపం, అద్దం ఏం చేసింది?

కొత్త చీర మగ్గం దిగింది. కట్టి చూపించేదెవరు? అమ్మ కాన్పుకు పుట్టింటికి పోయింది. నాకు కడితే సగం చీర నేలమీదే ఉంది. అవ్వ నడుము వంగిపోయింది. బాపు తానే చుట్టుకుని, మీసాలతో వయ్యారంగా తిరిగాడు. అవ్వతో సహా పడి పడి నవ్వాం. నవ్వు అయిపోయాక ఆయన ముఖం వాడిపోయింది.

"ఇగ రుమాళ్లే నేసుకుందాం చెల్లె. చీర మనతోని గాదు."

అత్త ముడి వేస్తున్న నూలును మెల్లగా కింద పెట్టింది. ఆమె చేతులు ఖాళీగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. అవ్వ కూడా చూడలేదేమో, బాపు దగ్గరికి పోయి చీర విప్పించింది.

"లే బిడ్డా."

"వద్దమ్మా."

"నేను వెట్టిన కట్టు, నేనే తీస్తున్న. పాపమొస్తే నాకొస్తది. లే."

చీర అవ్వే కట్టింది. అత్త భుజాలు పట్టి అద్దం ముందు నిలబెట్టింది. అత్త చాలాసేపు తల దించుకునే ఉంది. తర్వాత నడుము దగ్గరి పువ్వులను చూసింది.

"పువ్వు బెత్తెడు పైకి రావాలె అన్నా."

"గంతేనా?" అన్నాడు బాపు, పోయిన ప్రాణం లేచొచ్చినట్టు.

అప్పుడు ఆమె చూపు పువ్వుల మీదినుంచి పైకి పోయింది. అద్దంలో బాపు తల పక్కన తన తల, దాదాపు సమానంగా.

"నేను గింత పొడుగున్ననా అమ్మా?"

"పొడుగే బిడ్డా," అంది అవ్వ. "మూలకు కూసుండవెట్టి కూసుండవెట్టి, మేమే మర్సిపోయినం."

అవ్వ ఏడ్చింది, బాపు ఏడ్చాడు. అత్త ఏడవలేదు. అద్దంలోకి చూస్తూనే, ఇన్నేళ్లు వంచిన మెడను నిదానంగా ఎత్తింది.