చెల్లెలి మెడికల్ బుక్కు

ఉక్కు కర్మాగారం వాళ్ళ పెద్దాసుపత్రి ఇంకా రేకుల షెడ్లలో నడిచే రోజుల్లోనే గున్నమ్మ అక్కడ ఆయాగా చేరింది. శ్రీకాకుళం వైపు నుంచి భిలాయి వచ్చిన మనిషి, చదువు లేదు. అయినా కాన్పుల వార్డుకి శిక్షణకొచ్చిన ప్రతి నర్సుపిల్లా, ప్రతి కుర్రడాక్టరూ పసిగుడ్డుని ఎత్తుకోవడం ఆమె చేతులు చూసే నేర్చుకున్నారు. ఆసుపత్రి చరిత్ర రాసేవాళ్ళకి ఈ సంగతి పట్టదు.

అక్కడ వైద్యం కావాలంటే మెడికల్ బుక్కుండాలి. అది కర్మాగారంలో పర్మనెంటు కార్మికుడి కుటుంబానికే ఇస్తారు. అదే కొలిమి దగ్గర, అదే వేడికి మాడే ఠేకేదారు కూలీకి, అంటే కాంట్రాక్టరు కింద పనిచేసేవాడికి, ఇవ్వరు. అందుకే గున్నమ్మ ఉండే ఖుర్సీపార్ బస్తీలో ఆ బుక్కులు పంచదార గిన్నెల్లా ఇంటింటికీ తిరిగేవి. అది తప్పని గున్నమ్మ ఏనాడూ అనుకోలేదు.

తొంభై మూడులో పక్కింటి కనకలతకి తొలికాన్పు నొప్పులొచ్చాయి. మొగుడు బలరాం ఠేకేదారు కింద కూలీ. గున్నమ్మ పరుగున వెళ్ళి పర్మనెంటు కార్మికుడి భార్య అయిన తన చెల్లెలు లలితాంబ బుక్కు తెచ్చింది.

"ఎవలడిగినా నువ్వు లలితాంబవే. మిగతాది నాను సూసుకుంతాను," అంది.

బుక్కులో లలితాంబ రక్తం పాజిటివ్ అని ముందే రాసుంది కనుక మళ్ళీ ఎవరూ పరీక్ష చెయ్యలేదు. ఆడపిల్ల పుట్టింది. వీధంతా గున్నమ్మని మెచ్చుకుంది.

మూడేళ్ళకి బలరాం పర్మనెంటయ్యాడు. సొంత బుక్కు చేతికొచ్చేసరికి కనకలతకి మళ్ళీ ఎనిమిదో నెల. కడుపులో కదలిక ఆగిందని ఆ బుక్కుతోనే చేరింది. బిడ్డ అప్పటికే పోయింది. కనకలత రక్తం చూస్తే నెగెటివ్.

పెద్ద డాక్టరు విద్యార్థుల్ని వెంటబెట్టుకొచ్చి, మొదటి కాన్పు ఎక్కడైందని అడిగాడు. కనకలత ఒకసారి గున్నమ్మ వైపు చూసి, ఇంట్లోనే అయిందంది. నెగెటివ్ తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే ఆమె రక్తంలో తర్వాతి బిడ్డని చంపే విరుగుడు తయారవుతుందని, తొలికాన్పైన మూడు రోజుల్లోపు ఒక ఇంజక్షన్ పడుంటే ఈ బిడ్డ బతికేదని ఆయన విద్యార్థులకి వివరించాడు. ట్రే పట్టుకుని నిలబడ్డ గున్నమ్మకి అది ఏటా వినే పాఠమే. ఏటా విని కూడా, ఆ తొలికాన్పు రోజున కనకలతది ఏ రక్తమని అడగాలని ఆమెకి తోచలేదు.

మధ్యాహ్నం వార్డు ఖాళీ అయ్యాక మంచం పక్కన కూర్చుని అంతా చెప్పేసింది. "నీ రక్తం సూడకుండా నానే సేసినాను. డాక్టరుబాబుకి సెప్పేస్తాను."

కనకలత ఆమె వైపు తిరిగింది.

"సెప్తే నీ ఉద్యోగం పోద్ది గదా, పిన్నీ."

"పోనీ."

"లలితాంబ పిన్ని మొగుడిదో? ఆల బుక్కే గదా అది."

చెల్లెలి ముగ్గురు పిల్లలు ఆ ఒక్క జీతం మీదే బతుకుతున్నారు.

కనకలత గోడవైపు తిరిగింది. "సెప్పకు. కానీ, మా ఇంటికి రాకు."

పక్క గడపే. రిటైరై సొంతూరు వెళ్ళిపోయేదాకా గున్నమ్మ అది తొక్కలేదు.