సాలు

ఆ ఆదివారం అక్కుపల్లి ఇసుకలో నా కర్రసాము గురువు "సాలు, అల్లుడూ" అని కూలబడ్డాడు. వారం తిరక్కుండానే పోయాడు.

సముద్రం మీద వేట మానేసి, పలాసలో డయాలసిస్ చేయించుకుంటూనే ఆయన నాకు నేర్పాడు. నేనేమో నలభై దాటిన విలేకరిని. కర్ర ఎంత బాగా తిప్పినా "ఇంకోపాలి" అనేవాడు.

"ఏటి మావా, ఇంకెంతసేపు?"

"నీది పేపరోడి సెయ్యి. కలం మరిసేదాకా తిప్పు."

తను నేర్పే దెబ్బ నాకు పూర్తిగా పట్టుబడితేనే "సాలు" అంటానన్నాడు. ఆ ఒక్క మాట కోసం మూడేళ్లు ఏ ఆదివారమూ అక్కుపల్లి బస్సు తప్పలేదు.

ఇప్పటికీ వెళ్లి ఒక్కణ్ణే ఆ చివరి ఆదివారం తిప్పిన దెబ్బే తిప్పుతున్నాను. ఆ రోజు నా చెయ్యి కుదిరి అన్నాడో, తన ఓపిక అయిపోయి అన్నాడో నేను అడగలేదు.